తెల్లవారుజామున షుగర్ 41: బెంగళూరులో ఒక హోమ్‌కేర్ కేసు

రామ్మూర్తి నగర్‌లోని ఆ ఇంటికి నన్ను పంపింది మా క్లినిక్ డాక్టరు గారు. "ఏజెన్సీని మార్చేస్తామంటున్నారు. ఐదు నెలల్లో ఇది మూడోది. మార్చే ముందు ఒకసారి చూసి రండి సిస్టర్" అన్నారు. అంతకు వారం ముందు ఆ ఇంట్లో పెద్దావిడకు తెల్లవారుజామున నాలుగింటికి షుగర్ 41కి పడిపోయింది. హాస్పిటల్లో గ్లూకోజ్ ఎక్కించి, రెండు రోజులు ఉంచుకుని పంపారు. ఇంట్లో వాళ్ళ లెక్కలో తప్పంతా రాత్రి ఉన్న అటెండెంట్ అమ్మాయిది.

పదేళ్ళు ఐసీయూలో పనిచేశాక, ఆరేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే. ఇళ్ళలో మంచం పట్టిన వాళ్ళకు అందుతున్న సంరక్షణ ఎలా ఉందో, ఎక్కడ ప్రమాదం పొంచి ఉందో చూసి డాక్టరుకూ కుటుంబానికీ చెప్పడం. ఈ కేసు రాయడానికి కుటుంబం ఒప్పుకుంది, ఆ అమ్మాయీ ఒప్పుకుంది. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఏజెన్సీ పేరు, హాస్పిటల్ పేరు రాయడం లేదు. అమ్మాయిని రేణుక అని పిలుస్తాను, అది అసలు పేరు కాదు.

పెద్దావిడకు 76 ఏళ్ళు. సొంతూరు హిందూపురం దగ్గర పల్లె. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశారు. ఏడాదిన్నర కిందట మెదడులో ఎడమవైపు స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తిరిగి చెప్పలేరు. మన వేళ్ళు ఆవిడ ఎడమ చేతిలో పెట్టి అడిగితే, గట్టిగా నొక్కితే అవునని, వదిలేస్తే కాదని. ఆహారం పోయడానికి ముక్కులోంచి రైల్స్ ట్యూబ్, యూరిన్‌కి క్యాథెటర్, ఇరవై ఏళ్ళ నాటి షుగర్, బీపీ. ఏజెన్సీ తరఫున ఉదయం 8 గంటలకు ఒక నర్సు వచ్చి గంటసేపు ఉంటుంది. మిగతా సమయమంతా ఇంట్లోనే ఉండి చూసుకునే అటెండెంట్ రేణుక. రాయచూరు వైపు అమ్మాయి, 23 ఏళ్ళు. కన్నడం, కాస్త తెలుగు వచ్చు. పెద్దావిడను "అవ్వా" అని పిలుస్తుంది. అంతకు ముందున్న ఇద్దరికీ హిందీ తప్ప రాదట. ఎలాగూ మాట్లాడలేని మనిషికి భాషతో ఏం పని అనుకుంటారు చాలామంది. చెప్పలేని మనిషికే ఎదుటివాళ్ళ మాట అర్థం కావడం ఎక్కువ అవసరం.

మొదటిసారి ముందే ఫోన్ చేసి, ఉదయం పదకొండింటికి వెళ్ళాను. గది శుభ్రంగా ఉంది. దుప్పటి కొత్తది. ఫైలు చూస్తే ముచ్చటేసింది. నాలుగు పేజీల రోజువారీ చార్టు, ఒక్క గడి కూడా ఖాళీ లేదు. బీపీ, షుగర్, ఫీడ్, యూరిన్ ఎంత, రెండు గంటలకోసారి పక్క మార్చడం, అన్నీ రాసి ఉన్నాయి. అగ్రిమెంటు ఉంది, ఉదయం నర్సు జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివింది, కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంది, పోలీస్ వెరిఫికేషన్ కాపీ ఉంది. నా చెక్‌లిస్టులో ఆ ఏజెన్సీకి మంచి మార్కులే పడ్డాయి. ఇది రాసి తీరాలి, ఎందుకంటే ఆ రోజే రిపోర్టు ఇచ్చేసి ఉంటే నేనూ అందరిలాగే ఆ అమ్మాయి అజాగ్రత్త అని తేల్చి ఉండేదాన్ని.

బయటికి వచ్చే ముందు గ్లూకోమీటర్ అడిగాను. నాకది అలవాటు. మీటరు తనలోపల పాత రీడింగులు దాచుకుంటుంది, తేదీ, టైముతో సహా. చార్టులో ఆవిడ ఇంట్లో ఉన్న 14 రోజులకు రోజుకి రెండు చొప్పున 28 షుగర్ రీడింగులు ఉన్నాయి. మీటరులో ఉన్నవి 17. ముందు మీటరు గడియారం సరిగ్గా ఉందో లేదో చూశాను, ఎందుకంటే బ్యాటరీ మార్చినప్పుడు చాలా ఇళ్ళలో టైము సెట్ చేయరు, దాన్ని నమ్మి ఒకరిమీద నింద వేయకూడదు. గడియారం సరిగ్గానే ఉంది. స్ట్రిప్పుల డబ్బా ఆ 14 రోజుల మొదట్లోనే తెరిచారు. 50 స్ట్రిప్పుల్లో 33 మిగిలున్నాయి. వాడినవి 17. ఉదయం నర్సు చూసినవి 14, షుగర్ పడిపోయిన తెల్లవారుజామున చూసింది ఒకటి, సాయంత్రంవి రెండే. చార్టులో మాత్రం ప్రతి సాయంత్రం 136, 142, 138 అని చక్కగా వరసగా ఉన్నాయి. షుగర్ పేషెంటు ఒంట్లో అంకెలు అంత బుద్ధిగా నడుచుకోవు.

అవెడిస్ డొనాబెడియన్ అనే వైద్యుడు 1966లో రాసిన వ్యాసంలో వైద్యం నాణ్యతను మూడు చోట్ల చూడాలన్నాడు. ఏర్పాట్లు ఎలా ఉన్నాయి, చేసే పని ఎలా జరుగుతోంది, చివరికి రోగికి ఏమైంది. డాక్టర్ల వైద్యాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన మాట అది. ఇంటికొచ్చేసరికి చాలామంది మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. సర్టిఫికెట్ ఉందా, వెరిఫికేషన్ ఉందా, ఫైలు ఉందా. నేనూ ఆ మొదటి రోజు అక్కడే సగం ఆగిపోయాను. అందుకే ఇంకో రెండుసార్లు వెళ్ళాలనుకున్నాను, ఒకసారి నర్సు వచ్చే టైముకి, ఒకసారి రాత్రికి.

రెండోసారి ఉదయం 7:45కి వెళ్ళి, నర్సు, రేణుక పని చేస్తుంటే పక్కన నిలబడ్డాను. ఆ షుగర్ పడిపోయిన సంగతి ఆ రోజే తేలింది.

ఫ్రిజ్ తలుపులో స్టీలు గిన్నెలో రెండు ఇన్సులిన్ సీసాలున్నాయి. ఒకటి పాతది, 30/70 ఇన్సులిన్, మీద 40 ఐయూ అని ఉంది, అంటే ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు. రెండోది కొత్తగా రాసిన గ్లార్జిన్, మీద 100 ఐయూ అని ఉంది. మన దేశంలో సీసాలో ఇన్సులిన్ ఈ రెండు బలాల్లో దొరుకుతుంది, రెండింటికీ సిరంజిలు వేరు. 40 సీసాకి ఎర్ర మూత సిరంజి, 100 సీసాకి నారింజ రంగు మూత సిరంజి. గిన్నె పక్కన కవర్లో ఉన్నవన్నీ ఎర్ర మూతవే, పాత ఇన్సులిన్ నాటివి మిగిలినవి.

స్పెషలిస్టు ఇన్సులిన్ మార్చారు, రాత్రి 9 గంటలకు గ్లార్జిన్ 14 యూనిట్లు అని రాశారు. మందుల షాపులో సీసా ఇచ్చారు, సిరంజి అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. రాత్రి నర్సు ఉండదు కాబట్టి కొడుకే రేణుకతో "అదే 14 గీత దాకా తీసి వెయ్యమ్మా" అన్నారు. ఆ అమ్మాయి చెప్పినట్టే ఎర్ర మూత సిరంజిలో 14వ గీత దాకా తీసింది. నేను అదే సిరంజిలో నీళ్ళు తీసి డైనింగ్ టేబుల్ మీద కొడుకు ముందు పెట్టాను. ఆ సిరంజిలో 14వ గీత అంటే 0.35 ఎంఎల్. 100 సీసాలోంచి 0.35 ఎంఎల్ తీస్తే అది 14 కాదు, 35 యూనిట్లు. రెండున్నర రెట్లు. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి, లెక్క నాకంటే ముందే అర్థమైంది. సిరంజిని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఏజెన్సీ అగ్రిమెంటులో అటెండెంట్ ఇంజెక్షన్ వేయకూడదని స్పష్టంగా ఉంది. ఉన్నా, రాత్రి డోసు ఎవరు వేస్తారని ఏజెన్సీ అడగలేదు, డాక్టరు అడగలేదు, ఇంట్లో వాళ్ళకు ఆ తేడానే తెలియదు. మనవాళ్ళు యూనిఫాం వేసుకున్న ప్రతి అమ్మాయినీ "సిస్టర్" అంటారు. నర్సు అంటే మూడేళ్ళ జీఎన్ఎం గానీ నాలుగేళ్ళ బీఎస్సీ గానీ చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైన మనిషి. అటెండెంట్ కొన్ని వారాలో నెలలో శిక్షణ తీసుకుని వస్తుంది. స్నానం, పక్క మార్చడం, డైపర్, నేర్పిస్తే ఫీడ్, ఇవి ఆమె పనులు. బిల్లులో 'నర్సింగ్ కేర్' అని ఒక్క మాట రాసి రెండింటినీ కలిపేస్తే ఇంట్లో వాళ్ళు మోసపోతారు, ఆ అమ్మాయి తనకు రాని పనికి పూచీ పడుతుంది.

ఇంకో సంగతి కూడా ఆ ఉదయమే బయటపడింది. షుగర్ పడిపోయిన ఆ రాత్రి ఫీడ్ సగమే ఇచ్చిందట రేణుక. ఎందుకని అడిగితే "అవ్వకి దగ్గు వచ్చింది అక్కా, భయమేసి ఆపేశాను" అంది. ఫీడ్ ఇచ్చేటప్పుడు పొలమారితే ఆపాల్సిందే, ఆమె చేసింది సరైన పనే. మరి దగ్గు ఎందుకొచ్చింది? ట్యూబ్ ఫీడ్ ఇచ్చేటప్పుడు, ఇచ్చాక కనీసం అరగంట నుంచి గంట దాకా తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలి. ఆ ఇంట్లో ఉన్నది అద్దెకు తెచ్చిన ఫౌలర్ కాట్, తల వైపు పైకి లేపడానికే దాన్ని తెచ్చుకుంటారు. కానీ కింద తిప్పే హ్యాండిల్ లేదు. మనవడు ఆడుకుంటూ దానికి కాలు తగిలించుకున్నాడని తీసి బీరువా మీద పెట్టారు, రెండు నెలలైంది. అప్పటి నుంచి రేణుక రెండు దిండ్లు పెట్టి తల ఎత్తుతోంది. దిండ్ల మీంచి ఆవిడ మెల్లగా కిందికి జారిపోతారు, మెడ వంగిపోతుంది, దగ్గు వస్తుంది. జారినప్పుడల్లా నడుము కింద చర్మం పరుపుకి ఒరుసుకుంటుంది.

మడమలు, నడుము చూడనిమ్మని అడిగాను. పెద్దావిడ చేతిలో నా వేళ్ళు పెట్టి "అమ్మా, ఒకసారి ఒత్తిగిలిస్తాను, వీపు చూస్తాను" అన్నాను. నొక్కారు. నడుము కింద, పిరుదుల మధ్య ఎముక మీద పై చర్మం లేచిపోయి 3 సెంటీమీటర్లకు 2 సెంటీమీటర్ల పుండు. రెండో దశ. కుడి మడమ మీద రూపాయి బిళ్ళంత ఎరుపు. వేలితో నొక్కి వదిలితే మామూలు ఎరుపు తెల్లబడి మళ్ళీ రంగు వస్తుంది. ఇది తెల్లబడలేదు. అది మొదటి దశ. చార్టులో మాత్రం రెండు గంటలకోసారి ఎడమ, వెల్లకిల, కుడి అని రాసే ఉంది, అర్ధరాత్రి 12కి, 2కి, 4కి కూడా. చర్మం స్థితి అన్న గడిలో రోజూ 'బాగుంది'.

పుండు వచ్చే ప్రమాదాన్ని లెక్కించడానికి బ్రేడెన్ స్కేల్ వాడతాం. స్పర్శ, తేమ, నడక, కదలిక, ఆహారం, ఒరుపు అనే ఆరు అంశాలు, మొత్తం 6 నుంచి 23 దాకా. 18 గానీ అంతకు తక్కువ గానీ వస్తే ప్రమాదం ఉన్నట్టు. ఆవిడకు 11 వచ్చింది, అంటే బాగా ఎక్కువ ప్రమాదం. ఏజెన్సీ ఫైలులో చేరిన రోజున ఒక్కసారి వేసిన స్కోరు 17, ఆ తర్వాత ఎవరూ మళ్ళీ వేయలేదు.

ఆల్ఫా బెడ్ (పుండ్లు పడకుండా మోటారుతో గాలి నింపే పరుపు) ఉంది కదా అన్నారు కోడలు. ఉంది, మోటారు గుర్రుమంటోంది కూడా. అరచెయ్యి పైకి పెట్టి పరుపు కిందికి, సరిగ్గా నడుము కిందికి దూర్చాను. ఆవిడ ఎముక నా అరచేతికి తగిలింది. మధ్యలో కనీసం ఒక అంగుళం గాలి ఉండాలి. కోడలి చెయ్యి కూడా పట్టుకుని అక్కడ పెట్టించాను, చెప్పడం వేరు, చేతికి తగలడం వేరు. గాలి గొట్టం ఎక్కడ నొక్కుకుందో వెతికితే, మంచానికీ గోడకీ మధ్య. చిన్న గది, పిల్లాడి టేబుల్ పట్టాలని మంచాన్ని గోడకు ఆనించేశారు. గొట్టం నలిగి సగం పరుపుకి గాలి అందడం లేదు. దానికి తోడు ఒకవైపు గోడ ఉండటంతో, రేణుక ఒక్కతే ఒక్కవైపు నుంచే తిప్పగలదు. ఒంట్లో సత్తువ లేని 60 కిలోల మనిషిని ఒక్కవైపు నుంచి ఎవరు తిప్పినా లాగడమే అవుతుంది.

మాత్రల సంగతి త్వరగా చెప్పేస్తాను. అన్నీ కలిపి రోట్లో నూరి ట్యూబ్‌లో పోస్తున్నారు. అందులో నూరకూడని పాంటోప్రజోల్ ఉంది, మెల్లగా విడుదలయ్యే ఒక బీపీ మాత్ర ఉంది. రెండింటికీ డాక్టరు గారు అదే రోజు వేరే రూపం రాశారు. యూరిన్ బ్యాగు నేలమీద పడి ఉంది, క్యాథెటర్ మార్చిన తేదీ ఎక్కడా లేదు. ఇవి దాదాపు ప్రతి ఇంట్లో చూసేవే.

మూడోసారి రాత్రి పదిన్నరకి వెళ్ళాను. వస్తానని కొడుక్కీ రేణుకకీ ఇద్దరికీ ముందే చెప్పాను. చెప్పకుండా వెళ్ళి పట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు, పైగా అలసట అనేది ఎవరో చూస్తున్నారని దాక్కునేది కాదు. ఆ గదిలో మంచం వైపు తిప్పిన కెమెరా కూడా ఉంది. కొడుకు దాన్ని ధైర్యం కోసం పెట్టుకున్నారు. డైపర్ మార్చేటప్పుడు రేణుక దానిమీద తువ్వాలు కప్పితే ఒకసారి కోప్పడ్డారట. ఆ తర్వాత ఆ అమ్మాయి కెమెరాకి సిగ్గుపడి గబగబా తుడిచి మార్చేయడం మొదలుపెట్టింది. ఒక తల్లి ఒంటిని రోజూ బట్టలు లేకుండా చూపే కెమెరా గురించి ఆవిడ చేతిలో వేళ్ళు పెట్టి ఎవరూ అడగలేదు. నేను అడిగాను, "అమ్మా, ఇది ఉండాలా?" అని. చెయ్యి వదిలేశారు. కొడుకు అక్కడే ఉన్నారు.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. రేణుక పదకొండింటికి పక్క మార్చి, మంచం కాళ్ళ దగ్గర చాప వేసుకుని పడుకుంది. ఐదున్నరకు లేచిన మనిషి. పగలు అవ్వ పనితో పాటు అంట్లు తోమడం, పిల్లాడి క్యారేజీ సర్దడం కూడా ఆమె పనిలో కలిసిపోయాయి. అగ్రిమెంటులో అవి లేవు. రెండింటికి ఆమె ఫోన్‌లో అలారం మోగింది. చెయ్యి చాపి ఆపేసి, కళ్ళు తెరవకుండానే మళ్ళీ పడుకుంది. నేను పది నిమిషాలు చూశాను. తర్వాత లేచి, పెద్దావిడకు చెప్పి, నేనే ఒత్తిగిలించాను. పరిశీలన కోసం వచ్చానని పుండు మీద మనిషిని అలాగే వదిలేయలేను కదా.

ఐదున్నరకు రేణుక లేచింది. మొహం కడుక్కుని, ట్యూబ్‌లో నీళ్ళు పోసి, ఫైలు తీసి, నా ఎదురుగానే 12, 2, 4 గడులు ఒకేసారి నింపింది. ఎడమ, వెల్లకిల, కుడి. దాచాలని కూడా అనుకోలేదు. పాలు కాచినంత మామూలుగా చేసింది.

"రెండింటికి లేచావా అమ్మా?" అన్నాను.

"ఆగల్ల (కుదరదు) అక్కా. కళ్ళు మూసుకుపోతాయి."

"మరి రాశావు కదా?"

"ఖాళీ ఉంటే సూపర్‌వైజర్ ఫోన్‌లో అరుస్తారు. ఆ రోజు జీతం కోస్తారు. అన్నీ నింపి ఫొటో పెట్టమంటారు."

రెండుంబావుకి నేను తిప్పానని చెప్పాను. చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపాగి, "ఆ రోజు నాలుగింటికి అవ్వ ఒళ్ళంతా చెమట పట్టి ఉంటే నేనే సార్‌ని లేపాను అక్కా. దుప్పటి తడిసి తగిలింది చేతికి" అంది. నిజమే. ఆ రాత్రి ఆమె లేచి, చెమట గుర్తుపట్టి, కొడుకుని లేపి, మీటరు తెచ్చి ఇచ్చింది. తల ఎత్తి పట్టుకుని ట్యూబ్‌లో చక్కెర నీళ్ళు పోస్తూనే 108కి ఫోన్ చేశారు. ఈ సంగతి కుటుంబం చెప్పిన కథలో లేదు. చార్టులో ఆ గడిలో కూడా '4 గంటలు, కుడి పక్క, బాగుంది' అనే ఉంది.

నా రిపోర్టులో ముఖ్యంగా రాసింది ఇది. ఒక్క మనిషిని 24 గంటలు పెట్టి, రాత్రంతా రెండు గంటలకోసారి లేవమని, లేవలేని రోజు నిజం రాస్తే జీతం కోస్తామంటే, ఆ ఏర్పాటు అబద్ధపు చార్టునే తయారు చేస్తుంది. మనిషిని మారిస్తే చేతిరాత మారుతుంది, అంతే. ఆ ఫైలులో పాత అటెండెంట్ల చార్టులూ ఉన్నాయి. వాళ్ళవీ ఒక్క గడి ఖాళీ లేకుండా నిండే ఉన్నాయి.

కొడుక్కి కోపం తగ్గలేదు. "మరి డబ్బులు తీసుకున్నారు కదా మేడమ్, వీళ్ళమీద ఎవరికి కంప్లైంట్ చేయాలి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కర్ణాటకలో ప్రైవేటు వైద్య సంస్థల చట్టం 2007 నాటిది. అది ఆస్పత్రి, క్లినిక్, ల్యాబ్ లాంటి చోట్లను దృష్టిలో పెట్టుకుని రాసినది. తల్లిదండ్రులు, వృద్ధుల సంక్షేమ చట్టం కూడా 2007దే. దాన్ని సవరించడానికి 2019లో లోక్‌సభలో పెట్టిన బిల్లులో హోమ్‌కేర్ సేవల రిజిస్ట్రేషన్ మాట ఉంది, అది చట్టం కాలేదు. నర్సు తప్పు చేస్తే నర్సింగ్ కౌన్సిల్ ఉంది. అటెండెంట్‌కి అలాంటి కౌన్సిల్ లేదు. సేవలో లోపానికి వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళవచ్చు. పెద్దవాళ్ళను వేధించినా, పట్టించుకోకుండా వదిలేసినా బెంగళూరులో 1090, దేశమంతటా 14567 హెల్ప్‌లైన్లు ఉన్నాయి. ఇవన్నీ చెప్పాను. చెప్పి, ఆ సిరంజి ఎవరు కొన్నారు, ఇంజెక్షన్ ఎవరు వేయమన్నారు, హ్యాండిల్ ఎవరు తీశారు అన్నవి కూడా ఆ కంప్లైంటులో రాయాల్సి వస్తుందని చెప్పాను. కోడలు లేచి వెళ్ళి బీరువా మీంచి హ్యాండిల్ దించి తెచ్చారు.

ఆ సాయంత్రమే మంచం గోడకు రెండున్నర అడుగులు ఇవతలికి వచ్చింది. పిల్లాడి టేబుల్ హాల్లోకి వెళ్ళింది. ఎర్ర మూత సిరంజిలు, పాత సీసా నేను తీసుకెళ్ళిపోయాను. డాక్టరు గారు స్పెషలిస్టుతో మాట్లాడి గ్లార్జిన్‌ని ఇన్సులిన్ పెన్‌కి మార్చి, డోసు టైముని రాత్రి నుంచి ఉదయానికి, అంటే నర్సు ఉండే సమయానికి జరిపారు. ఈ ఒక్క మార్పుతో, రాత్రి పూట ఇంజెక్షన్ వేయాల్సిన అవసరమే ఆ ఇంట్లో లేకుండా పోయింది. నన్నడిగితే ఈ కేసులో అన్నిటికన్నా విలువైన పని అది. శిక్షణ ఇవ్వడం, లేబుల్ అంటించడం, జాగ్రత్త చెప్పడం అన్నీ మనిషి మెలకువ మీద ఆధారపడేవి.

రాత్రి సంగతి అంత తేలిగ్గా తేలలేదు. 12 గంటల షిఫ్టుకి ఇద్దరిని పెట్టుకోవాలంటే ఖర్చు దాదాపు రెట్టింపు, ఆ ఇంటికి అది కుదరదు. పక్క మార్చే విషయంలో 2019 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు అందరికీ ఒకే లెక్క పెట్టవు. పరుపు, చర్మం, మనిషి ఓపిక చూసి నిర్ణయించుకోమంటాయి. పరుపు సరిగ్గా పనిచేస్తోంది కాబట్టి రాత్రి మూడు, నాలుగు గంటల ఎడం పెట్టి, రోజూ చర్మం చూసి, ఎరుపు కనిపిస్తే తగ్గించాలనుకున్నాం. పదకొండింటికి కొడుకు, రేణుక కలిసి. రెండున్నరకు రేణుక. ఆరింటికి కోడలు. మడమల కింద చిన్న దిండు, మడమ గాలిలో తేలేలా. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా రేణుక నిద్రపోవాలి, ఆ సమయంలో కోడలు ఇంటి నుంచి పనిచేస్తారు. అంట్లు, క్యారేజీ బంద్. కెమెరా గుమ్మం వైపు తిరిగింది.

ఏజెన్సీ మేనేజరుని కలిశాను. చెడ్డ మనిషి కాదు. ఇద్దరు సూపర్‌వైజర్లతో అరవై ఇళ్ళు చూసుకుంటున్నారు. "మా ఫార్మాట్ అన్ని ఇళ్ళకూ ఒకటే మేడమ్, గడులు నిండకపోతే క్లయింట్లే అడుగుతారు" అన్నారు. నాలుగు పేజీల చార్టు బదులు నేను ఒక్క పేజీది రాసిచ్చాను. అందులో 'చేయలేకపోయాను, ఎందుకంటే' అని ఒక గడి పెట్టాను. దానికి జీతం కోయబోమని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. అటెండెంట్ మారేటప్పుడు పాతామె, కొత్తామె గంటసేపు కలిసి ఉండాలన్నదీ ఒప్పుకున్నారు. మేం కట్టేదాంట్లో అమ్మాయికి ఎంత ఇస్తున్నారని కొడుకు అడిగితే చెప్పలేదు. సూపర్‌వైజర్ పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తారన్నారు. ఆరు వారాల్లో ఒకసారి వచ్చారు.

రెండో వారం చివర వెళ్ళినప్పుడు చార్టులో రేణుక రాత కనిపించింది. తెలుగు రాయడం రాదు, కన్నడంలో రాస్తుంది. "రెండున్నరకు లేవలేదు. 3:40కి తిప్పాను. మడమ ఎర్రగా లేదు." నేను ఇన్నేళ్ళలో చూసిన హోమ్‌కేర్ చార్టుల్లో అంత పనికొచ్చే వాక్యం తక్కువ. ఆ వారం ఆలస్యమైన రాత్రులు మూడు, మూడూ సోమ, మంగళ వారాల చుట్టూనే. ఆదివారం ఆమెకు సెలవు. బస్సెక్కి పీణ్యలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళి రాత్రి పొద్దుపోయి వస్తుంది. సోమవారం రాత్రి రెండున్నర వంతు కొడుకు తీసుకున్నారు. నిజం రాసి ఉంది కాబట్టే సర్దుకోగలిగాం.

నాలుగో వారానికి మడమ ఎరుపు పోయింది. నడుము దగ్గర పుండు 1.2కి 0.8 సెంటీమీటర్లకు తగ్గింది, ఏడో వారానికి మూసుకుంది. షుగర్ 70 కంటే కిందికి మళ్ళీ పోలేదు. మీటరులో అంకెలు, చార్టులో అంకెలు ఒకటే, 212, 97, 168, ఎగుడుదిగుడుగా. ఫీడ్ సమయంలో దగ్గు తగ్గింది. అన్నీ బాగుపడలేదు. ఐదో వారంలో యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి మూడు రోజులు హాస్పిటల్లో ఉన్నారు. క్యాథెటర్ అసలు తీసేయగలమా అని అప్పుడే అడిగాం, నిజానికి మొదటి రోజే నేను అడగాల్సింది. తీసి చూసే ప్రయత్నం వచ్చే నెలకు పెట్టుకున్నాం. ఆదివారం వచ్చే బదులు అటెండెంట్ ప్రతిసారీ కొత్త మనిషే, ఆ ఒక్క రోజు చార్టు ఇప్పటికీ అనుమానంగానే నిండుగా ఉంటోంది.

తొమ్మిదో వారంలో రేణుక పెళ్ళి కుదిరి ఊరికి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళే రోజు ఉదయం కొత్తమ్మాయి వచ్చే టైముకి నేనూ వెళ్ళాను. సూపర్‌వైజర్ రాలేదు. రేణుక కొత్తమ్మాయికి మంచం హ్యాండిల్ ఎన్ని చుట్లు తిప్పాలో చూపించింది, ట్యూబ్ మీద 55 అంకె ముక్కు దగ్గర కనపడాలని చూపించింది, ఆమె అరచెయ్యి పట్టుకుని పరుపు కింద పెట్టి "ఎముక తగలకూడదు" అంది. అవ్వ చేతిలో వేళ్ళు ఎలా పెట్టి అడగాలో చెప్పి, ఆ అమ్మాయి చేత అడిగించింది కూడా. యూరిన్ బ్యాగు క్లిప్పు సంగతి మరిచిపోయింది, అది నేను చెప్పాను. కొత్తమ్మాయిది కోలారు, తెలుగు బాగా వచ్చు. మొదటి వారం రాత్రుల చార్టు, మీటరు పక్కపక్కన పెట్టి చూడటానికి వచ్చే గురువారం వెళ్తున్నాను.